రీడింగ్

కరెంటాఫీసులో నా పేరు అసిరినాయుడు,
వీధుల్లో నా పేరు రీడింగోడు.
పదమూడేళ్ళుగా శ్రీకాకుళం గుమ్మాల్లో నిలబడి
గోడకేసి చూసి, అంకెలు చదివి, వెళ్ళిపోతాను.
మనుషుల్ని చదవమని నాకెవరూ జీతమివ్వలేదు.

నాగావళి వైపు దిగే ఆ సందులో
ముప్పై ఒక్క మీటర్లు.
మొదటి నెల అక్కడికెళ్తుంటే
టీకొట్టు రాజారావు చెవిలో వేశాడు:
"జాగర్తరా. తెల్లారగట్ల మూడింటికి
ఇల్లిల్లూ లైట్లెలుగుతాయి. ఏటి సేత్తారో ఎవులికి తెలుసు?"
మూడింటికి నువ్వెందుకు లేచావని
నేనూ అడగలేదు.

మొదటి గుమ్మంలో, మనిషి కనబడకముందే,
సినిమాల్లో నేర్చిన హిందీ తీసి
"భాయ్ సాబ్, మీటర్ కిధర్" అని కేకేశాను.
చీరకి ఫాల్సు కుడుతున్న ముసలామె
కళ్ళజోడు మీదనుంచి చూసి
"ఏటి బావూ, ఏటంతన్నావు? తెలుగు రాదేటి నీకు?" అంది.
ఆ సిగ్గులో ఆరుని ఎనిమిదని కొట్టాను.
బిల్లెక్కువొచ్చింది. తర్వాత సరిచేశారు.
నేను వాళ్ళమీద వేసుకున్న తప్పు లెక్కల్లో
ఆఫీసు దిద్దింది అదొక్కటే.

ఏళ్ళు పోయాక, పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే కనబడింది:
ఏడాదికో నెల ఆ సందంతా
ఇంటికి నాలుగైదు యూనిట్లు పెరుగుతుంది.
ఆ నెల ఒకచోట నిలవదు.
నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రావణంలో ఉండేది.
ఆషాఢానికి, జ్యేష్ఠానికి, వెనక్కి వెనక్కి నడిచి
ఇప్పుడు ఫాల్గుణం గడపలో కూచుంది.

ఎక్కడో తీగ లీకవుతోందేమోనని
కుల్సుంబీనే అడిగాను.
పళ్ళులేని నోటితో నవ్వింది.
"రోజాలు నాయనా. తెల్లారకముందే వొండుకోవాల గదా.
మీ పంతులు అధికమాసమేసి సర్దుతాడు,
మా సెందురుడికి సర్దీవోడు లేడు.
ఏడాదికి పదకొండు రోజులు యెనక్కి జారతాడు,
ముప్పైమూడేళ్ళకి కాలాలన్నీ తిరిగొస్తాడు.
ఎండలో ఆకలేటో, సలిలో ఆకలేటో
అందరికీ తెలవాల గదా."
పుస్తకం తెరవకుండా నేను చదివిన మొదటి పేజీ అది.

ఒక వైశాఖం గుర్తుంది, నలభై నాలుగు డిగ్రీలు.
ఆమె పెదాలు పొలుసులు కట్టాయి.
అయినా కుండలో నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది.
తాగలేక నిలబడ్డాను.
"దప్పిక నీది. రోజా నాది. తాగు."
గుక్కగుక్కకీ నా గొంతు చప్పుడు
వీధంతా విన్నట్టే అనిపించింది.

అందరూ కుల్సుంబీలేనని చెప్పను.
పంతొమ్మిదో మీటరు గౌసు
దొంగ తీగ తగిలించి కూలరు తిప్పాడు. పట్టుకుంటే తిట్టాడు.
అచ్చం మా బావమరిది తగిలించినట్టే,
అచ్చం వాడి తిట్లే.
ఇద్దరిమీదా కేసు రాశాను.
మా ఆవిడ మూడ్రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న లోపలిగదిలో మనవడు మొయిన్ వల్లెవేస్తుంటే
ఆ ముందుమాటకి అర్థమేటిరా అన్నాను.
"చదువు, అని మామా. ప్రవక్తకి మొదట వినబడింది అదే.
నాకు చదవడం రాదన్నాడంట.
మళ్ళీ చదువనే వినబడిందంట."
నా మెళ్ళో వేలాడే మిషను చూసి
"నువ్వూ చదువుతావు గదా" అన్నాడు.
అంకెలేరా, అన్నాను.

వచ్చే ఏడు కొత్త మీటర్లొస్తాయట.
వాటంతటవే చదువుకుంటాయట, గుమ్మం ఎక్కే పనిలేదట.

నిన్న రాజారావు మళ్ళీ ఎత్తాడు:
"మూడింటికి లైట్లెలిగినాయిరా. ఏటి సేత్తన్నారంతావు?"
"వొండుకుంతన్నారు."
గ్లాసు కడుగుతూ కాసేపు ఊరుకున్నాడు.
"ఏ కూరంట?"

పదమూడేళ్ళు. నాకు తెలీదు.
"అడిగొచ్చి సెప్తానుండు" అన్నాను.