తలలో నాలుక

యావారోస్ రేవులో పొద్దుటి తూకం నాది.
గంప ఎత్తడం, అంకె వేయడం,
మంచు చల్లి పక్కకి తోయడం.
అమ్మమ్మ లిబ్రాదా బుయితిమెయా
బోర్లించిన డబ్బా మీద కూచుని చేపలు కోస్తుంది.
డెబ్బయ్యారేళ్ళు. కత్తి మాత్రం ఇంకా పడుచుదే.

ఇవాళ ఓ పార్గో చేప నోరు విప్పి
"ఇలా రా" అంది.
లోపల, నాలుక ఉండాల్సిన చోట
తెల్లటి పురుగు.
రెండు నల్ల కళ్ళతో
తలుపు ఓరగా తీసిన ఇల్లాలిలా
మమ్మల్నే చూస్తోంది.

గంప వదిలేశాను.
అమ్మమ్మ నవ్వింది, మిగిలిన నాలుగు పళ్ళతో.

నూకంత ఉన్నప్పుడు మొప్పల్లోంచి దూరుతుందట.
నాలుక మొదట్లో పద్నాలుగు కాళ్ళూ దించి
నెత్తురు తాగుతుందట, తొందరేం లేదు దానికి.
నాలుక వడిలి, ఎండి, మోడు మిగిలాక
ఆ మోడునే పట్టుకుని
తనే నాలుకై కూచుంటుందట.
"మరి చేప?"
"చేపకేం! తింటుంది, ఈదుతుంది.
ఎరని అంగిట్లో అదమాలంటే
పురుగుతోనే అదుముతుంది.
తూచి చూడు, తరుగేమైనా ఉందా?"

చూశాను. కిలో మూడొందల గ్రాములు.
రాశాను.
పట్టీలో పురుక్కి వేరే గడి లేదు.

అమ్మమ్మ బడికెళ్ళింది రెండేళ్ళే.
యోరెమె మాట ఒక్కటి జారితే చాలు
పంతులమ్మ నోట్లో గులకరాయి పెట్టేది,
గంట కొట్టేదాకా ఉమ్మకూడదు.
మొదటి ఏడు రాళ్ళు లెక్కపెట్టుకుంది.
రెండో ఏడు రాయితో పని పడలేదు.
నోట్లో నాలుక లేని పిల్ల
అని మెచ్చుకున్నారట.

ఆ తర్వాతెప్పుడో, ఏ మొప్పలోంచో
స్పానిష్ వచ్చి ఆ మోడు మీద కూచుంది.
దాంతోనే తాతని తిట్టింది,
దాంతోనే సరే అంది.
మంచు ఫ్యాక్టరీవాడి మీద బేరం గెలిచింది,
మా అమ్మని జోకొట్టింది.
రేవులో ఏ తగువొచ్చినా
అందరికీ తలలో నాలుక ఆవిడే.
ఎవరి నాలుక, అని ఎవరూ అడగలేదు.

నేనూ అడిగేదాన్ని కాదు.
పురుగు మూలాన నోరు జారాను:
"మీ భాషలో వీటినేమంటారు?"
చేపని చూపించి "కూచు" అంది.
బాల్చీలో నీళ్ళు చూపించి "బా" అంది.
కత్తి మొన తన నోటి దాకా తెచ్చి
ఆగిపోయింది.

నోరు తెరిచే ఉంది.
పెలికన్లొచ్చి పేగులు ఎత్తుకుపోయాయి.
ఇంకో పడవ కట్టేశారు.
లోపల ఏదో అంగిలిని తడుముతోంది, నాకు కనబడుతూనే ఉంది.
చివరికి "లెంగ్వా" అంది, స్పానిష్‌లోనే,
పాత కాపురస్థుణ్ణి పేరుపెట్టి పిలిచినట్టు.

చేప చచ్చి గంటైంది.
ఇల్లు చల్లబడిందని తెలిసి
పురుగు పట్టు వదిలి
పెదవి మీదికి పాకింది.
నేను చెప్పు తీశాను.
అమ్మమ్మ నా చెయ్యి ఆపి,
రెండు వేళ్ళతో దాన్ని పట్టి
మళ్ళీ లోపల సర్ది, దవడ మూసి,
మంచు మీద పడుకోబెట్టింది:

"ఖాళీ నోటితో అమ్మకూడదు."