పదికి రెండు

బైటూ కాఫీ మీద మొదలైన గొడవ
మూడో బైటూకి వచ్చేసరికి
మునిరత్నం జేబులోంచి ఆ కాగితం తీశాడు.
మడతల దగ్గర టేపు, ఆ టేపూ పచ్చబడిపోయి.
ముప్పై మూడేళ్ల కిందట లండన్ వారపత్రికలో
డ్యాంప్ కోట్స్ రెండో ఆల్బమ్‌కి పడ్డ శిక్ష.
పదికి రెండు.
"ఆ రెండూ అట్ట మీద బొమ్మకి" అని
చివర్లో ఒక చురక.

ఆ పత్రిక మాకు ఓడలో వచ్చేది,
నాలుగు నెలలు ఆలస్యంగా,
చర్చ్ స్ట్రీట్ పేవ్‌మెంట్ మీద కిలోల లెక్కన.
అప్పటికే బ్యాండు విడిపోయిందనీ
డ్రమ్ములవాడు గోడలకి సున్నాలేస్తున్నాడనీ తెలీక
ఉల్సూరులో మేం నలుగురం
వాళ్ల తర్వాతి పాట కోసం ఎదురుచూస్తున్నాం.

"గొంతా అది? అద్దింటి కప్పు కారుతున్న చప్పుడు"
అని రాశాడు విమర్శకుడు.
అది చదివే కదా నంజుండ క్యాసెట్టు కొన్నాడు!
వాళ్లింట్లో జూన్ నుంచి అక్టోబరు దాకా
మూడు చోట్ల బిందెలు, ఒకచోట తపేలా.
తిట్టని వాడికి తట్టనేలేదు.
మా ఇంటి సంగతి లండన్‌వాడికి ఎవరు చెప్పారబ్బా
అనుకున్నాడంట.

"వాడు రాసింది నిజమే" అంది ఎథెల్.
కాక్స్ టౌన్ స్కూల్లో ఇరవై ఆరేళ్లు పియానో నేర్పిన మనిషి.
"రెండోవైపు మూడో పాట. గిటారు శ్రుతిలో లేదు.
మీ మొహాలు చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా."

ఇడ్లీ ప్లేట్ల చప్పుడు తప్ప
కాసేపు ఏమీ లేదు.

మునిరత్నం చెవులు ఎర్రబడ్డాయి.
ఐటీఐ ఫ్యాక్టరీలో లాకౌట్ రోజు కూడా
వాడట్లా అవలేదు.

నంజుండ కూతురు కావేరి ఫోను ముందుకు తోసింది.
"గొడవెందుకు అంకుల్, అదే పత్రిక
మొన్న మళ్లీ విని ఎనిమిదిచ్చింది."
చల్లబడతాడనుకున్నాం.
"ఎనిమిదా?" అని బల్ల మీద కొట్టాడు.
"పాట మారిందా? ఒక్క తీగన్నా మారిందా?
మధ్యలో ఈ ఆరు మార్కులూ ఎవడి జేబులో ఉన్నాయి
ఇన్నేళ్లూ?
తిట్టినవాడు విన్నాడే! వీడు విన్నాడా,
పక్కవాడి పేపర్లో చూసి రాశాడా?"

అప్పుడు చెప్పాను నేను,
చెప్పకూడదనుకున్న సంగతి.
మన టేపురికార్డరు బెల్టు తెగిపోతే
కొత్తిమీర కట్టకున్న రబ్బరు బ్యాండు వేశాను.
అది సాగింది. పాటా సాగింది.
మనం విన్నదల్లా అర శ్రుతి కింద,
ఒక అడుగు వెనక.
అసలుది పోయిన ఏడు ఫోన్లో విన్నాను.
ఎవడో హడావిడిగా బస్సెక్కుతూ పాడుతున్నట్టుంది.
మన మనిషి కాడు.
మనవాడు నిదానం. ప్రతి మాటనీ
గుమ్మం దాకా సాగనంపి వచ్చేవాడు.

ఎథెల్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"అయితే తప్పు గిటారుది కాదా?"
"తెలీదు."
"అయితే ఆ విమర్శకుడు కొట్టింది
మన ఆల్బమ్‌నే కాదా?"
"అదీ తెలీదు."
నంజుండ నవ్వడం మొదలెట్టాడు.
ఇంతకీ మనం అభిమానులం ఏ బ్యాండుకిరా అని,
కొత్తిమీర బ్యాండుకా అని,
కాఫీ ముక్కులోకి పోయేదాకా.

నవ్వని మునిరత్నం ఒక్కడే
కాగితాన్ని పాత మడతల్లోనే మడిచాడు.
పారెయ్యరాదా ఇంక, అన్నాను.

మన క్యాసెట్టు దొంగకాపీ కదా, అన్నాడు.
దాని మీద బాల్‌పెన్నుతో "ఇంగ్లీషు, మిక్స్" అనే ఉంది.
ఆ నలుగురి పేర్లూ ఒకచోట
ఒక్క అక్షరం తప్పులేకుండా అచ్చయింది
ఆ కోపిష్టివాడి దగ్గరే.

బిల్లు నలుగురం పంచుకున్నాం.
చిల్లర రెండు రూపాయలు
ఎవరూ తీసుకోలేదు.