క్యూరింగ్

పొగాకు కాల్చడం మానేసి ఆరేళ్లయిన బ్యారన్‌లో
రెక్క పడుకోనుంది.
అందులోని ట్యాంకు ఇంకా ట్యాంకు కాలేదు.
రేకు, రేకు మీద రేకు,
లెక్కపెట్టి విసుగొచ్చిన బెజ్జాలు.

టంగుటూరులో విమానం కడతన్నానంటే
మొదట్లో నవ్వారు, తర్వాత మర్చిపోయారు.
ఇప్పుడు మోటారు చుట్టించుకోడానికొచ్చి
"నీ రేకు పని యాడిదాకా వచ్చింది హైమా" అంటారు,
ప్రహరీ గోడని అడిగినట్టు.

రెండు దార్లున్నాయి.
ఒకటి, ట్యాంకంతా బిగించేసి
మూతిలోంచి మందు పోసి, అటూ ఇటూ దొర్లించి
మిగిలింది వంపేయడం,
కల్లుకుండకి లోపల సున్నం పట్టించినట్టు.
చౌక. ఒక్క పూటలో అయిద్ది.
కానీ ఇప్పటి పెట్రోల్లో సారా కలుస్తోంది,
సారా దేన్ని కుదురుగా ఉండనిచ్చింది గనక?
ఎప్పుడో ఒకనాడు ఆ పొర పెచ్చులేసి
ఒకే ఒక్క పెచ్చు జల్లెడ మీద వాలుద్ది.
అప్పుడు కింద పాలేరు ఉంటదో
ఎవరి మిరపతోట ఉంటదో.

అందుకని రెండోది.
సందు సందుకీ, రివెట్ రివెట్‌కీ చేత్తో పూయడం.
తెల్లది పది పాళ్లు, నల్లది ఒక పాలు,
తూకం వేసి. కంటిని నమ్మకుండా.
బ్రహ్మయ్యాచారి పాత తక్కెడ ఇస్తా అడిగాడు,
"బంగారం కంటే ప్రియమా అమ్మా ఇది?"
"బంగారం తప్పితే కరిగించుకోవచ్చు మామా."

డబ్బా మీద రెండు గంటల వ్యవధి అని రాసుంది.
రాసినవాడు మే నెలలో ఇటు రాలేదు.
ఇక్కడ ముప్పావుగంటకే
పాకం ముదిరినట్టు పుల్లని పట్టుకుంటది.
కాబట్టి తెల్లారుజామున మూడింటికి లేస్తాం
నేనూ, చిన మాలకొండయ్యా.
ఈ బ్యారన్‌లోనే ముప్పై సీజన్లు
ఆకు కాల్చిన మేస్త్రీ ఆయన.
తలుపు సందున అరచెయ్యి పెట్టి
లోపలి వేడి ఎంతో చెప్పేవాడు,
తర్వాతే థర్మామీటరు ఒప్పుకునేది.

గరుకు పీచుతో రేకు మెరుపు చంపాలి.
ద్రావకంతో తుడవాలి, పాత పంచెముక్క
తెల్లగా వెళ్లి తెల్లగా తిరిగొచ్చేదాకా.
తర్వాత వేలు తగిలిందా, మళ్లీ మొదటికి.
నా నుదుటి మీద చెమట బొట్టు జారబోతే
ఆయన తువ్వాలుతో అద్దేవాడు, మాట్లాడకుండా.
వీధి పిల్లలు పోగుచేసిచ్చిన పుల్లైసు పుల్లలతో
మూలమూలనా నల్లటి ముద్ద నునుపు చేసుకుంటా
కుళ్లిన గుడ్డు కంపులో
నెలరోజులు అన్నం సయించలేదు.

ఆరిందో లేదో అని నేను వేలు చాచితే కసిరాడు.
"ట్యాంకుని తాకమాక. దాని చెల్లెల్ని అడుగు."
కప్పు అడుగున మిగిల్చిన ముద్దని గోటితో నొక్కాడు.
ఈనె పుటుక్కుమందాకా
ఆకుని ఎవరూ దింపరు గదా, అన్నాడు.
దానికీ దీనికీ ఒకటే మాట ఆయనకి: క్యూరింగ్.

మూతలు బిగించి, గాలిగొట్టానికి బుడగ కట్టి
కొంచెం గాలి ఊది వదిలాం.
రాత్రి చూస్తే బుడగ వాడిపోయుంది.
నేను మట్టినేల మీద చతికిలబడ్డాను.
"ఎండెక్కనీ" అని ఆయన బీడీ తీసి,
ద్రావకం గుర్తొచ్చి, బయటికెళ్లాడు.
పదింటికి బుడగ మళ్లీ నిండుగా లేచింది.
పోయింది గాలి కాదు, వేడి.

అయినా సబ్బునీళ్లు రాసుకుంటా పోయాను.
చివరి మూల, నీళ్లు వంపే గొట్టం పక్కన
ఒక్క నురగ బుడగ.
పగిలింది. కాసేపాగి ఇంకోటి.
కప్ప గొంతులా, తీరిగ్గా.

పైనుంచి ఒక బొట్టు పెడితే సరిపోద్దన్నాడు
చూడ్డానికొచ్చిన మా తమ్ముడు వెంకటశేషు.
పైన పెట్టిందాన్ని పెట్రోలు లోపల్నుంచి తోస్తది.
లోపల పెట్టిందాన్ని గోడకేసి అదుముద్ది.
ఈ మాట వాడికి చెప్పలేదు,
స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

మూతకి పన్నెండు మరలు, అన్నీ ముద్దలో కూరుకుపోయి.
ఏడోది రావడం లేదు.
వెనక మాలకొండయ్య దీపం దగ్గరికి జరుపుకుని
తెల్లది వేస్తున్నాడు, నల్లది వేస్తున్నాడు,
తక్కెడ ముల్లు నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి.