కొన్ని సెకన్ల వాయువు

సెగెద్‌లో, తీసా నదికి రెండు వీధుల ఇవతల
నేలమాళిగలో నా ఉద్యోగం.
గాజు గొట్టంలో వెచ్చటి ఉప్పునీళ్లు,
ముప్పై ఏడు డిగ్రీలు, ఆగని బుడగలు.
అందులో దారానికి వేలాడే కండపీలిక,
కుందేలు అంగంలోని స్పంజి కణజాలం,
అగ్గిపుల్లలో సగం.

మందు చుక్క వేస్తే బిగుసుకుంటుంది.
ప్లాటినం తీగల్లో చిన్న కరెంటు పంపుతాను.
తెర మీద గీత జారిపోతుంది.
కొత్త కుర్రాడు బెంత్సే మొదటిరోజు
"చచ్చిపోయిందా?" అన్నాడు.
లేదురా, సడలింది.
సడలితేనే నెత్తురు లోపలికొస్తుంది,
నెత్తురొస్తేనే అంగం లేస్తుంది.
మగతనమంటే బిగువేనని నీకెవరు చెప్పారో గానీ
ఈ కండకి మాత్రం చెప్పలేదు.

ఇదంతా ఒక ఎంజైము పని.
ఆర్జినిన్‌ని విరిచి
చిటికెడు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది.
అది తలుపు తట్టదు, గోడల్లోంచే వెళ్లి
కబురు చెప్పి
కొన్ని సెకన్లలో లేకుండా పోతుంది.
దాచుకునే వీల్లేదు,
ఎప్పటికప్పుడు చేసుకోవలసిందే.

నరాల్లో ఉండే ఎంజైము మొదలుపెడుతుంది.
రక్తనాళాల లోపొరలో ఉండేది,
నెత్తురు ఒరుసుకుంటూ పారినంతసేపూ, కొనసాగిస్తుంది.
పద్దెనిమిదేళ్లుగా ఈ మాటే
నోటుబుక్కుల్లో రాస్తున్నాను.

మార్చిలో ఎడెన్‌కి ప్రొస్టేట్ తీసేశారు.
"నరాలు కాపాడలేకపోయాం," అన్నాడు డాక్టరు
నా వైపు చూడకుండా.
నాకు గీత కనిపించింది,
ఎంత కరెంటు పంపినా దిగని గీత.

అప్పట్నుంచీ మంచం అంచున పడుకుంటాడు,
ఒళ్లంతా బిగించి,
ఎవరిదో సొమ్ము పోగొట్టినవాడిలా.
ఇంత చదువు చదివినదాన్ని,
నాకూ నోరు పెగల్లేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం
బజారు నుంచి పుచ్చకాయ మోసుకొచ్చాడు.
కోస్తుంటే చెప్పాను:
ఆ ఎంజైము పని ముగిశాక మిగిలేదాన్ని సిట్రులిన్ అంటారు.
మొదట దొరికింది ఈ కాయలోనే,
పేరూ దీన్నుంచే.
"అయితే నీ కుందేళ్లు పుచ్చకాయ తయారుచేస్తున్నాయా?"
నవ్వాడు.
రసం మోచేతి దాకా కారింది.

నీలో రెండోది ఇంకా ఉంది, అన్నాను.
మొదలుపెట్టేదే లేదు.

జవాబు లేదు.
గింజల్ని పళ్లెం అంచున ఒక్కొక్కటే పేర్చాడు,
పదకొండో, పన్నెండో.
తర్వాత ఆ తడిచేత్తోనే
నా మణికట్టు పట్టుకున్నాడు.
అతని భుజాలు
కొంచెం కొంచెంగా
దిగాయి.