ఎర్రగడ్డలో దిగాలి

మా బడంగ్‌పేటలో
ఎవరైనా కాస్త గట్టిగా నవ్వితే
"వీణ్ణి ఎర్రగడ్డకు తోలాలె" అనేటోళ్ళు.
నేనూ అన్నాను, ఏడో తరగతిలో, ఇమ్మానియేలును.
వాడు ఆ తర్వాత బడికి రాలేదు. కారణం వేరే ఉండొచ్చు.

ఇప్పుడు రోజూ ఆ పేరున్న స్టేషన్‌లోనే దిగుతున్నాను.
మెడలో ట్రైనీ కార్డు, సంచిలో చల్లారిన ఉప్మా.
దిగేముందు కార్డును తిప్పేసుకుంటాను,
ఫోటో లోపలికి, తెల్లటి వీపు బయటికి.

ఎంట్రన్సు రెండుసార్లు తప్పి మూడోసారి దొరికిన సీటు.
ఎవరడిగినా నాన్న "డాక్టర్ లెక్కనే" అని
మాట వానల మీదికి మళ్ళిస్తాడు.

కేసు షీటు నిండా గడులు:
నిద్ర. ఆకలి. ఎన్నాళ్ళ నుంచి. తీసుకొచ్చింది ఎవరు.
కుల్సుంబీ లాడ్ బజార్‌లో లక్క గాజులకు రాళ్ళు అద్దేది.
ఇప్పుడు గాలికి అద్దుతోంది,
రెండు వేళ్ళ మధ్య లేని రాయిని జాగ్రత్తగా పట్టి.
"నిద్ర లేక ఎన్నాళ్ళయింది?" అన్నాను, నేర్పినట్టే.
నా కళ్ళకింద నలుపు చూసి
"నీకెన్నాళ్ళయింది బేటీ?" అంది.

దానికి గడి లేదు.
పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
లేని గాజును నా చేతికి ఎక్కించి చూసి,
"వదులైంది. కొంచెం తిను."

హైమవతి మేడం నా షీటులో
ఒక్క మాట కొట్టేసింది: 'సహకరించలేదు.'
"ఆమె సహకరించింది. తప్పించుకున్నది నువ్వు."

ఆ రాత్రి బల్బు పోయిన మెట్ల మలుపులో
కిందింటి ప్రమీలక్క ఆపింది.
పోయిన బోనాలకు "పిచ్చి డాక్టరొచ్చింది" అని
నలుగురినీ నవ్వించిన మనిషి.
"మావోడు నెల నుంచి తలుపు తీస్తలేడు.
అన్నం గడప కాడ పెడుతున్న. ఎవ్వరికి చెప్పకు."

నేర్చుకున్నదేదీ నోటికి రాలేదు.
మెట్టు తుడిచి కూర్చున్నాను, పక్కన చోటు వదిలి.
చాలాసేపు నీళ్ళ మోటారు చప్పుడే.
ట్యాంకు నిండి పొర్లాక
"వాడు చిన్నప్పుడు..." అని తనే మొదలుపెట్టింది.

వారం తర్వాత మెట్రోలో
వాళ్ళబ్బాయి కిటికీ వైపు, నేను, నా పక్కన అక్క.
"ఎక్కడ దిగాలె?" గుసగుసగా అడిగింది.
"ఎర్రగడ్డ."
ఎదుటి సీటులో ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుకున్నారు,
ఫోన్లో ఏదో చూసేమో.
అక్క నా చెయ్యి పట్టుకుంది,
లేని గాజు ఉన్న చెయ్యి.
తలుపులు తెరుచుకున్నాయి.
కార్డు ఎటు తిరిగి ఉందో
చూసుకునే వీలు లేకపోయింది.