పొడి పేరు

సోమవారం, అర్జీల దినం.
జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసు ఎదురుగా నా జిరాక్సు అంగడి.
కడప బండ పరిచిన బల్ల, దాని మీద పాత ప్రింటరు,
బయట నలభై నాలుగు డిగ్రీల మే నెల.

దస్తగిరమ్మకు అర్జీ కొట్టిచ్చినా.
పాసుబుక్కులో దస్తగిరి అని పడిందంట.
మూడెకరాల నల్లరేగడి
లేని మగోని పేరు కింద పోయి కూర్చుంది.
ఆమెకు చదువు రాదు,
పేరు యాడుందో నేనే చూపిచ్చినా.
బొటనవేలితో తడిమింది.
వేలెత్తి చూస్తే
కాగితంలో దస్తగి మిగిలింది,
అమ్మ వేలికొచ్చింది.

"వేలిముద్రకు ఇంకు గూడా నువ్వే ఇస్తివే" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఫోన్లో జిలాన్ బాషా, ప్రొద్దుటూరు నుంచి:
"అది సిరా కాదక్కా, పొడి. ప్లాస్టిక్ పొడి.
డ్రమ్ము మీద కరెంటు గీసిన గీతకు అతుక్కుని
కాగితం మీదికి దిగుతాది, అంతే.
ఉఫ్‌మంటే లేచిపోతాది.
ఎనకాల రెండు రోలర్లుంటాయి సూడు,
ఒకదాని కడుపులో లైటు, ఇంకోటి రబ్బరు.
నూటెనభై డిగ్రీల కాడ
ఆ రెండిటి నడుమ నలిగి పోవల్ల కాగితం.
పొడి కరగల్ల, నారలోకి దిగల్ల,
బయటికొచ్చి గడ్డ కట్టల్ల.
అప్పుడు గదా అచ్చరం!
లైటు ఎలుగుతాందా? అయితే స్ప్రింగు సడలింటాది.
వేడి ఒకటే చాలదక్కా, అదమల్ల.
రేపు తెస్తా."

రేపు మంగళవారం.

ఇంకోటి కొట్టినా.
రెండరచేతుల మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి,
నిండా పోసిన చారుగిన్నె మోసినట్లు
పక్కనే గంగులయ్య ఇస్త్రీబండి దాకా
ఆరడుగులు నడిచినా.
గాలి తిరగలేదు,
మే నెలకు ఆ పొద్దు ఎందుకో బుద్ధి పుట్టింది.

ఆ కాగితాన్ని ఇస్త్రీపెట్టె తినేసింది.
అర్జీ అంతా ఇనుము అడుగున, తిరగబడి.
"ఎవురి చొక్కాకో అంటుకుంటాది గదమ్మా దస్తగిరమ్మ!"
గంగులయ్య బూతొకటి మింగి, బూడిదతో తోముకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది,
స్టిక్కర్ల ఎనక పీకి పారేసే నున్నటి కాగితం.
దానికి ఏదీ అంటుకోదు.
చెత్తబుట్టలోంచి తీసి, మూడో అర్జీ మీద పరిచినా.
"రుద్దగాకు మామా. జరపగాకు.
పెట్టు, అదుము, ఎత్తు."
భుజం బరువంతా దించినాడు.
బొగ్గులు చిటపటమన్నాయి,
కాలిన వాసన, కొంచెం ప్లాస్టిక్‌ది, కొంచెం గంజిది.

ఈసారి ఆమె రెండో చేతి వేలు పెట్టింది.
గోటితో గీరింది.
చీరకొంగు తడిపి అద్దింది.
కదల్లేదు.

"ఎంతియ్యల్ల?" అనింది గంగులయ్యను.
"జతకయితే ఇరవై. ఒక్క పేరుకేముంది, పో."

కాగితం ఇంకా కాలుతాందేమో,
ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటా రోడ్డు దాటింది,
నల్లబడిన బొటనవేలిని మాత్రం
ఎడంగా పెట్టుకుని,
తుడవకుండా.