గేటు

రెండుసార్లు తప్పిన పేపరు.
మూడోసారి పుస్తకం తియ్యలే,
గేమ్ తెరిచిన.

మొదట ఇచ్చింది ఒక్కటే గేటు:
రెండు తీగలూ వెలిగితేనే ఆరిపోతది,
లేకుంటే వెలుగుతనే ఉంటది.
ఆ మొండిదాంతోనే అన్నీ కట్టుకోమంది.
కట్టిన. కూడిక నేర్పేసరికి
భీమారంల పాలబండ్లు తిరుగుతున్నయ్.

మెమొరీ కాడ ఆగిపోయిన, నాలుగు రోజులు.
ఎట్ల కట్టినా
తీగ తీస్తే చాలు, చెప్పింది మరిచిపోతది.

ఐదోనాడు బాపుకు సద్ది పట్టుకపోయిన
హసన్‌పర్తి అవతలి గేటుకు.
ఫోన్ మోగింది. నలభై ఏడు, అన్నరు అటునుంచి.
నలభై ఏడు, అన్నడు బాపు.
రాసుకున్నడు. అయినా ఊకోలే.
గేటు ఏసుకుంట నలభై ఏడు,
పచ్చజెండా దులుపుకుంట నలభై ఏడు,
తన నోటి మాట తన చెవిలనే ఏసుకుంట...
బొగ్గుబండి ఆఖరి డబ్బా దాటినంక
"ఏం కూర తెచ్చినవ్ బిడ్డా?"
నంబరెంతనే అంటే
"ఏం నంబరు?"

ఇంటికొచ్చి
బయటికి పోయే తీగను వంచి
దాని చెవిలనే పెట్టిన.
బల్బు వెలిగింది.
మెల్లగ చెయ్యి తీసిన.
ఇంక వెలుగుతనే ఉంది.

పరీక్షల మాత్రం
ఆ ప్రశ్న రాలే.